ఒండ్రు నలుసుకు బహిరంగ లేఖ

ఒండ్రు నలుసూ,

మాది మేడ్చల్ పక్కన అత్వెల్లి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరం. అయినా వీలు దొరికితే విశాఖ రైలెక్కుతాను. రుషికొండ దగ్గర స్నార్కెల్ నోట కరుచుకుని, కెమెరా పట్టుకుని నీళ్లలో తేలుతుంటాను. అక్కడ నువ్వు చేస్తున్న అన్యాయం నలుగురికీ తెలియాలనే ఈ ఉత్తరం.

మొన్న ఒక చారల చేప రాతి మీది నాచు గీక్కుంటోంది. కెమెరా ఎక్కుపెట్టాను. అల వచ్చింది, అడుగు నుంచి నువ్వు లేచావు. ఎండ నీ మీద పడి, చెదిరి లెన్సులోకి దూరింది. కెమెరాలోని వెలుతురు మీటరు ఆ తెల్లటి తెరనే కొలిచి, వెలుతురు దండిగా ఉందనుకుని షట్టరును 1/500కి పెంచేసింది. చేప నల్లటి మచ్చయింది. బూడిదరంగు ప్లాస్టిక్ పలకను చేపంత దూరంలో, అదే ఎండలో పట్టి కొలిస్తే 1/125 వచ్చింది. అంటే చేపకు దక్కాల్సిన వెలుతురులో పావు వంతే దక్కింది.

నీరూ తక్కువది కాదు. ఎరుపును మొదటి కొన్ని మీటర్లలోనే చాలావరకు మింగేస్తుంది. ఎండ కిందికి దిగిన దారి, చేప నుంచి లెన్సు దాకా వచ్చిన దారి రెండూ లెక్కలోకి వస్తాయి. కానీ ఆ లెక్క తెలిసిందే, దగ్గరికి జరిగితే చాలావరకు సర్దుకుంటుంది. నీ లెక్క మాత్రం అల అలకూ మారుతుంది.

నీతో తంటా నా ఒక్కడిదే కాదు. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి తెల్లటి పళ్లేన్ని తాడుతో సముద్రంలోకి దించి, అది కనుమరుగైన లోతుతో నీటి తేటదనాన్ని కొలిచాడు. ఇప్పటికీ ఆ పద్ధతి వాడుకలో ఉంది. మా జిల్లాలోనే, ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు పంపే సముద్రపు రంగునూ వేడినీ చదివి, చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు చెబుతుంది. 2022 నవంబరులో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఓషన్‌శాట్-3 ఉపగ్రహం ఆ రంగును 13 పట్టీలుగా చూస్తుంది. తీరానికి దగ్గరయ్యేకొద్దీ అక్కడా నువ్వే అడ్డం. నీళ్లలోని పచ్చదనం ఎంతో, నువ్వెంతో విడదీయడం కష్టమవుతుంది.

నా అసలు బాధ వేరే. నా ఫోటోలు చూసినవాళ్లు "విశాఖ నీళ్లలో ఏముంది, అంతా మడ్డే కదా" అంటారు. రాళ్లను పట్టుకున్న స్పంజులు, పగుళ్లలోంచి కాళ్లు చాపే పీతలు, గుంపుగా తిరిగే చారల చేపలు వాళ్ల దాకా చేరడం లేదు. మన సముద్రంలో ఉన్నదాన్ని మనవాళ్లకే లేదనిపిస్తున్నావు.

నిన్ను పొమ్మనను. గోదావరి, కృష్ణ డెల్టాలు నువ్వు పేరుకున్న నేలే, వాటి తిండి తిన్నవాణ్ని. వానాకాలంలో నదులు పొంగినప్పుడు సముద్రం నీదే, నేను రాను. అలలు తగ్గిన రోజుల్లో, పొద్దు నెత్తికెక్కే వేళ కాసేపు అడుగున ఉండు. నేనూ ఫిన్లతో ఇసుక రేపను. ఎండను వీపు వైపు పెట్టుకుని, చేయి చాచినంత దూరం నుంచే తీస్తాను. పలక మీద వెలుతురు కొలిచి, చేప వైపు కెమెరా తిప్పేదాకా ఆగు.

ఇట్లు,
అత్వెల్లి నుంచి ఒక ఫోటోగ్రాఫర్