పెంట్‌హౌస్‌లో తెల్లచొక్కాలు

ఎస్.ఆర్. నగర్‌లో ఇల్లు అద్దెకు కావాలంటే పెళ్లయినా అయి ఉండాలి, అబద్ధమాడటమైనా వచ్చి ఉండాలి. బ్యాచిలర్ల డబ్బుతో బతికే పేట ఇది. మెస్సులు, జిరాక్సు షాపులు, కర్రీ పాయింట్లు అన్నీ వాళ్ల మీదే నడుస్తాయి. అయినా టు-లెట్ బోర్డు కింద 'బ్యాచిలర్లకు ఇవ్వబడదు' అన్న ముక్క లేకపోతే ఆ ఇంటికి పరువు లేనట్టే. అలాంటిది 2014లో మా ఓనరు గారు పెంట్‌హౌస్‌ని ఏకంగా ఇద్దరు బ్యాచిలర్లకు ఇచ్చేశారు. ఒకడిది రాజమండ్రి. రెండోవాడిది అమెరికాలో యూటా.

దీనికి కారణం ఆషాఢం. ఆషాఢంలో పాలు పొంగించి కొత్తింట్లో దిగేవాడు హైదరాబాదులో దొరకడు. పెంట్‌హౌస్ ఖాళీగా ఉంటే నెల అద్దె గాలికి పోతుందని ఆయన బెంగ. ఈ ఇద్దరికీ శూన్యమాసం పట్టింపు లేదు. అయినా ఆయన రిటైరైన ప్రభుత్వోద్యోగి, ఊరికే తాళం చెవి ఇచ్చే మనిషి కాదు. మెట్ల మీదే ఇంటర్వ్యూ పెట్టారు.

"మందు?"

"తాగమండి," అన్నాడు రాజమండ్రి కుర్రాడు.

"సిగరెట్టు?"

"ముట్టమండి."

"అమ్మాయిలు?"

"గదిలోకి రానివ్వకూడదండి. రూలండి."

"రాత్రిళ్లు ఎన్నింటికొస్తారు?"

"తొమ్మిదిన్నరకల్లా వచ్చేస్తామండి. పదిన్నరకి లైటు తీసేస్తాం. పొద్దున్న ఆరున్నరకి లేస్తామండి."

"టీవీ?"

"చూడమండి."

ఓనరు గారి మొహంలో అనుమానం మొదలైంది. ఆరోజు సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, "ఇంత మంచివాళ్లు ఉండరండీ, ఏదో ఉంది. సీఐఏ అంటారా?" అన్నారు. నేను ఆయన్ని ఊరడించే లోపలే ఫారం-సి ఊరడించింది. విదేశీయుణ్ణి ఇంట్లో పెట్టుకున్నవాళ్లు ఇరవై నాలుగు గంటల్లో ఆ వివరాలు సర్కారుకు పంపాలి. పాస్‌పోర్టు నంబరు, వీసా నంబరు, ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఎక్కడికి పోతాడు. చాలా ఏళ్ల తర్వాత చేతికి ఒక ఫారం దొరికేసరికి ఆయన ముఖం వికసించింది. ఏ గడీ ఖాళీ వదల్లేదు. పంపాక, "మనవాడేనండీ, రికార్డులో ఉన్నాడు," అన్నారు. అంతటితో సీఐఏ శకం ముగిసింది.

మతం సంగతి మాత్రం సూటిగానే అడిగారు. "మమ్మల్ని మారమంటారా?" రాజమండ్రి కుర్రాడు నవ్వి, "మీరడిగితే చెప్తామండి. అడక్కపోతే మోటారు ఎన్నింటికి వేస్తారో మేమడుగుతామండి," అన్నాడు. గోదావరి వాళ్లతో ఇదే ఇబ్బంది, జవాబు చెప్పాక మనకు కోపం తెచ్చుకునే సందు ఉండదు.

వీళ్లు మత ప్రచారకులు, లోకం మోర్మన్లు అంటుంది. వీళ్లు చెప్పుకునే పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. వాళ్లు పెట్టుకునే నల్ల బ్యాడ్జీ మీద అది పట్టించడానికే అక్షరాలు చిన్నవి చేశారు. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ పెట్టిన సంఘం ఇది. హైదరాబాదుకు అమెరికావాళ్లు తెచ్చారనుకుంటాం గానీ, తెచ్చింది తెలుగువాళ్లే. సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తున్న ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు అక్కడ ఇందులో చేరి, 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి ముందుగా చెప్పింది తమ చుట్టాలకే. వాళ్ల పవిత్ర గ్రంథాన్ని తెలుగు చేసింది కూడా ఎల్సీ గారి తండ్రి, పాస్టరు శ్రీనివాసం గారు. మన దగ్గర ఏదైనా అంతే కదా. పెళ్లి సంబంధమూ, చీటీ పాటా, ఎల్ఐసీ పాలసీ, అన్నీ చుట్టాల ద్వారానే ఇంట్లోకి వస్తాయి. 2012 మే నెలలో దేశంలోనే వాళ్ల మొదటి 'స్టేక్', అంటే కొన్ని సంఘాలు కలిసిన పెద్ద విభాగం, ఏర్పడింది కూడా హైదరాబాదులోనే. ఢిల్లీ, బెంగళూరు వెనకబడ్డాయని తెలిసి ఓనరు గారు కొంత గర్వపడ్డారు.

ఆ ఆషాఢంలో ఒక వారం సంగతి చెప్తాను. సోమవారం వాళ్లకు సెలవులాంటిది. బట్టలుతుక్కోవాలి, సరుకులు తెచ్చుకోవాలి, ఇంటికి మెయిల్ రాసుకోవాలి. ఆ మధ్యాహ్నం నేను మేడెక్కేసరికి దండేల నిండా తెల్లచొక్కాలు. రెండు దండేలు, అన్నీ ఒకే తెలుపు, ఏది ఎవరిదో కాలరు లోపల మార్కరుతో రాసుకున్న అక్షరం చూస్తే తప్ప తెలియదు. మా సందు చివర బండి పెట్టుకునే ఇస్త్రీ అతను మూట విప్పి, బొగ్గులు ఊదటం ఆపేసి, "ఏంది సార్ ఇవి, దవాఖాన బట్టలా?" అని నన్నడిగాడు. తర్వాత ఒక చొక్కా చేతి మీద వేసుకుని, బొటనవేలితో కాలరు మడత సాగదీసి, నీళ్లు చిలకరించి, పెట్టె వాలుగా నడిపిస్తూ ఓ మాట అన్నాడు. "పిల్లలు మంచోళ్లు. జేబుల ఒక్క సిగరెట్ పొడి లేదు." ఈ పేటలో ఎవరి నడవడి ఎలాంటిదో పోలీసుల కంటే ముందు తెలిసేది ఇస్త్రీ బండికే.

ఇంటర్నెట్ సెంటర్లో వాళ్ల పక్క సీట్లన్నీ అమెరికా యూనివర్సిటీలకు అప్లై చేసే పిల్లలవి. ఆ పిల్లలు టెక్సస్‌కు రాస్తుంటే మన అమెరికావాడు యూటాలో ఉన్న తల్లికి రాస్తున్నాడు. అప్పట్లో రూలు ప్రకారం వారానికో మెయిలు, ఫోను మాత్రం ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. ఈ సంగతి విని మూడో అంతస్తు పిన్నిగారు కుర్చీలో కూలబడ్డారు. ఆవిడ కొడుకు డాలస్‌లో. రోజుకు రెండుసార్లు ఫోను. మధ్యలో ఆవిడే మూడోసారి చేసి, "అన్నం తిన్నావా?" అని అడుగుతుంది. అక్కడ తెల్లవారుజామున మూడు.

"జీతమెంత నాయనా?" అని అడిగింది ఆ యూటా కుర్రాణ్ణి.

"జీతం లేదండి. మా డబ్బులేనండి. రెండేళ్లండి," అన్నాడు వాడు.

అవును, తెలుగులోనే. అంతకు ముందు వాణ్ణి రాజమండ్రిలో వేశారట, తెలుగు అక్కడే పట్టుబడింది. అందుకే మాట మాటకీ అండీ, ఏమన్నా అంటే 'ఆయ్'. పిన్నిగారికి ఆ యాస వినపడలేదు, జీతం దగ్గరే ఆగిపోయింది. "రెండేళ్లు ఊరికేనా! బెంచి మీద కూర్చోబెట్టిన వాడికి కూడా కంపెనీ ఎంతో కొంత ఇస్తుందే!"

మంగళవారం బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. ఆషాఢంలో ఆ రోజు ఎస్.ఆర్. నగర్ నుంచి బల్కంపేట వైపు బండి కదలదు, మనిషే కదులుతాడు, అదీ జనం ఎటు తోస్తే అటు. అమ్మవారు నేల మట్టానికి దిగువన బావిలో వెలిసిందని ఆ తీర్థం కోసం తెల్లవారక ముందే బారులు. మన వాళ్లిద్దరూ ఎవరింటికో పాఠం చెప్పడానికి బయల్దేరి సరిగ్గా ఆ ప్రవాహంలో పడ్డారు. సాయంత్రం వచ్చేసరికి అమెరికావాడి తెల్లచొక్కా వీపున పసుపు చేతిముద్ర. ఎవరో ముసలమ్మ ముందున్నవాణ్ణి పట్టుకుని నిలదొక్కుకుందట. ఉతుక్కునే రోజు మళ్లీ సోమవారమే. వారమంతా ఆ అయిదు వేళ్లూ మోసుకుంటూ తిరిగాడు అమెరికావాడు. మా సందులో వాడి మీద గౌరవం అక్కణ్ణుంచే పెరిగింది.

ఇక అమీర్‌పేట. టై కట్టుకుని, బ్యాడ్జీ పెట్టుకుని, బ్యాగుతో జంటగా నడిచేవాళ్లను ఇక్కడ రెండు రకాలుగానే గుర్తుపడతారు. క్లినిక్ ముందు నిలబడితే మెడికల్ రెప్పులు, మైత్రీవనం ముందు నిలబడితే కోచింగ్ ఫ్యాకల్టీ. "సార్, కొత్త బ్యాచ్ ఎప్పుడు?" అని రాజమండ్రి కుర్రాణ్ణి ముగ్గురు అడిగారట. యూటావాడి కష్టం వేరు. ఒక స్పోకెన్ ఇంగ్లిష్ సంస్థ యజమాని రోడ్డు మీదే వాణ్ణి పట్టుకుని, పాఠం చెప్పక్కర్లేదు, వారానికో గంట ముందు గదిలో కూర్చుంటే చాలు, ఫొటో మాత్రం ఫ్లెక్సీ మీద వేసుకుంటానన్నాడు. ఉద్యోగం చేయకూడదని వీడు, అది ఉద్యోగం కాదు కూర్చోవడమేనని ఆయన.

నాకు ముచ్చటేసింది వేరే సంగతి. నిత్యజీవం గురించి చెప్పడానికి వచ్చిన వీళ్లు నలుగురిలో నోరు విప్పటానికి మొహమాటపడుతున్నారు. ఇళ్ల తలుపులు కొట్టటమో, దారినపోయేవాళ్లకు కరపత్రం అంటగట్టటమో నేను చూడలేదు. ఎదురుగా మాత్రం ఒక కుర్రాడు నలభై అయిదు రోజుల్లో హడూప్, వంద శాతం ప్లేస్‌మెంట్ అంటూ నడిచేవాడి జేబులోకే కాగితం దోపుతున్నాడు. ధర్మప్రచారంలో మేం ఎక్కడున్నామో, యూటా ఎక్కడుందో ఆ ఫుట్‌పాత్ మీద నిలబడితే తెలిసిపోతుంది. యూటావాడు గది చేరేసరికి బ్యాగులో వాళ్ల పుస్తకాలు ఎన్ని ఉన్నాయో, మా కోర్సుల కాగితాలూ అన్ని ఉన్నాయి.

మా కింది వాటా పిల్లవాడికి అమెరికా యూనివర్సిటీ నుంచి ఐ-20 వచ్చింది. వీసా ఇంటర్వ్యూకి బేగంపేట పైగా ప్యాలెస్‌కు, అప్పట్లో కాన్సులేటు అక్కడే, వెళ్లే ముందు చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చి, అది చాలదన్నట్టు పెంట్‌హౌస్‌కి ఎక్కాడు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారని. యూటావాడు తలగోక్కుని, "నేనెప్పుడూ అడగలేదండి, అక్కడ పుట్టేశానండి," అన్నాడు. సలహా పనికిరాలేదు గానీ వీసా వచ్చింది. ఆ ఘనత బాలాజీదా, తెల్లచొక్కాలదా అని మా ఇంట్లో ఇప్పటికీ భేదాభిప్రాయాలున్నాయి. అసలు ఆ వారం జరిగిన ఒకే ఒక్క అద్భుతం ఆటోవాడిది. ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర యూటావాడు ఆటోలో తల దూర్చి, "ఆయ్, ఎస్సార్ నగర్ వస్తారాండీ?" అన్నాడట. ఆ దిగ్భ్రాంతిలో అతను మీటరు వేశాడు.

టీ గురించి చెప్పకపోతే ఆ వారం గురించి ఏమీ చెప్పనట్టే. వాళ్లు టీ తాగరు, కాఫీ తాగరు. 1833లో జోసెఫ్ స్మిత్‌కు వచ్చిన ఉపదేశంలో వేడి పానీయాలు వద్దని ఉందట. హైదరాబాదులో మనిషి మతం ఏదైనా పరవాలేదు, చాయ్ వద్దంటే మాత్రం కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. పిన్నిగారు మొదట మొహమాటమనుకుని కప్పు చేతిలో పెట్టేసింది. వద్దన్నాక పంచదార జబ్బనుకుని చక్కెర లేకుండా తెచ్చింది. అదీ వద్దంటే బీపీ అనుకుంది. "పందొమ్మిదేళ్లకేనా!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. రూలని తెలిశాక వాదనకు దిగింది. "వేడి వద్దన్నారు, అంతేగా? చల్లారబెట్టి ఇస్తాను." అయినా తలలు అడ్డంగానే ఊగాయి. చివరికి మజ్జిగ దగ్గర సంధి కుదిరింది, అల్లం, కరివేపాకు వేసి, పెద్ద స్టీలు గ్లాసుల్లో. యూటావాడు గుటకేసి, కరివేపాకు నమిలి, "బాగుందండి," అనేసరికి ఆవిడ డాలస్‌కు ఫోను చేసి మరీ చెప్పింది.

శుక్ర, శనివారాల్లో విశేషమేమీ లేదు. నీళ్ల ట్యాంకరు రాలేదు, అంతే.

ఆదివారం మా అమ్మ వాళ్లను భోజనానికి పిలిచింది. పులిహోర, గుత్తివంకాయ, సేమ్యా పాయసం. చర్చి నుంచి రాగానే తినొచ్చు రమ్మంటే, ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నెలలో మొదటి ఆదివారం వాళ్లకు ఉపవాసమట. రెండు పూటలు.

"దానికేం బాబూ, శనివారం నాకూ ఉపవాసమే," అంది అమ్మ ఉదారంగా. "ఉప్మా చేసిపెడతాను."

"ఉప్మా కూడా తినకూడదండి."

"పోనీ అటుకులు. పళ్లు. పాలు."

"మంచినీళ్లు కూడా తాగమండి."

మా అమ్మ నా వైపు చూసిన చూపులో వాళ్ల మీద జాలి కంటే, అరవై ఏళ్లుగా తాను చేస్తున్నది ఏమిటన్న ఆలోచన ఎక్కువ కనపడింది. రెండు నిమిషాలే. సాయంత్రం ఏడింటికి ఆ పులిహోర గిన్నెతో సహా మేడెక్కింది. గిన్నె తిరిగి రావడానికి పావుగంట కూడా పట్టలేదు. కడిగి ఇచ్చారు.

కొన్నాళ్లకు ఒకణ్ణి ఒక ఊరికి, ఇంకొకణ్ణి ఇంకో ఊరికి మార్చారు. వాళ్లకు బదిలీలు మా ఓనరు గారి డిపార్ట్‌మెంటు కంటే తరచుగా ఉంటాయి. 2019లో వాళ్ల సంఘం రూలు సడలించి, వారం వారం ఇంటికి ఫోను చేసుకోవచ్చని చెప్పిందని చదివి పిన్నిగారికి చెప్పాను. "ఆ తల్లి ఉసురు తగిలి ఉంటుంది," అంది.

మొన్న ఆవిడ ఫోను స్పీకరులో పెట్టుకుని బాల్కనీలో మాట్లాడుతుంటే వినక తప్పలేదు. డాలస్ నుంచి కొడుకు. ఎవరో ఇద్దరు తెల్లచొక్కాల కుర్రాళ్లు తలుపు కొట్టారట, మీటింగులో ఉన్నానని పంపెయ్యబోతున్నానన్నాడు.

"ఒరేయ్, పంపెయ్యకు!" అని ఈవిడ ఎస్.ఆర్. నగర్ అంతా వినపడేలా అరిచింది. "లోపలికి పిలిచి మజ్జిగ ఇవ్వు. టీ పెట్టకు. ఇవాళ మొదటి ఆదివారమేమో ముందు అడుగు."