గిల్టునే, దొంగను కాను

నన్ను గిల్టు అనండి, రోల్డ్ గోల్డ్ అనండి, మా కృష్ణా జిల్లా ముసలమ్మల్లాగా చిలకలపూడి బంగారం అనండి, పలుకుతాను. దొంగ నగ అంటే మాత్రం ఊరుకోను. నేను కాసులపేరుని. బందరును ఆనుకుని ఉన్న చిలకలపూడిలో పుట్టాను. ఒళ్ళు రాగి, పైన పలచటి బంగారం. ఈ సంగతి నేనెప్పుడూ దాచలేదు.

దాచలేదనడానికి అచ్చులో సాక్ష్యం ఉంది. పాత చందమామలు తిరగేయండి. మచిలీపట్నం ఉమా మహల్ నుంచి ఉమా గోల్డ్ కవరింగ్ వర్క్స్ వారి ప్రకటన కనిపిస్తుంది. లోహం మీద అసలు బంగారు రేకే అతికించామని, కాదని రుజువు చేస్తే 500 రూపాయల ఇనాం ఇస్తామని అందులో సవాలు. గాఢమైన ద్రావకంలో పడేస్తే లోహం కరిగి రేకు పైకి తేలుతుందట. అంటే నా నిజాయితీ తేలాలంటే నేను చావాలి. సీతమ్మ అగ్నిపరీక్షే నయం, ఆ తల్లి బతికి బయటికొచ్చింది! ఆ రోజుల్లో మా వాళ్ళు వి.పి. పార్సిళ్ళలో ఊరూరికీ వెళ్ళేవారు. మాకు షరాబు అక్కర్లేదు, పోస్ట్‌మాన్ చాలు.

రేకు అతకడం వెనకబడి, కరెంటుతో పూత వేయడం తర్వాత వచ్చింది. అచ్చులు, టంకం, మెరుగు అంటూ మొదలుపెడితే మీకు ఆవులింతలొస్తాయి. ఒక్క మాట మాత్రం చెప్పాలి. వంటపని ముగించుకుని బందరు సందుల్లో అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు మా లంకెలు కలిపారు, మాకు రాళ్ళు అంటించారు. వాళ్ళలో చాలామంది మెడల్లో పసుపుతాడే ఉండేది.

కార్తీక పౌర్ణమికి మా చిలకలపూడి పాండురంగడి తిరనాళ్ళలో గుడివాడ వైపు రైతు ఇల్లాలు నన్ను కొంది. అప్పటికే ఆమెకు అసలు కాసులపేరు ఒకటుంది. ఉందన్న మాటే గానీ ఇంట్లో ఉండేది కాదు. కాలవలకు నీళ్ళు వదిలారంటే చాలు, పెట్టుబడికి తాకట్టుకెళ్ళిపోయేది. ఊడ్పులకు వెళ్తే కోతలయ్యాక వచ్చేది, ఒక్కో ఏడు అసలు వచ్చేదే కాదు. అది ఇనప్పెట్టెలో నిద్రపోతుంటే పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తిరిగిందెవరు? నేను! 1963 జనవరిలో ఢిల్లీలో మొరార్జీ దేశాయి 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నప్పుడు కంసాలి పొయ్యిలు చల్లారాయి. ఆ పట్టు తర్వాత సడలినా బంగారం మీద అదుపు చట్టం 1990 దాకా ఉంది. ఆ గడ్డు రోజుల్లో వీధిలో మూడిళ్ళ పెళ్ళికూతుళ్ళకు నన్నే అరువిచ్చారు. ఎవరైనా అడిగితే మా అమ్మగారు "చిలకలపూడిదే వదినా" అనేది, తడుముకోకుండా.

కోడలమ్మ అలా అనలేదు. ఆవిడతో నేనూ బెజవాడ చేరాను. ఒక గృహప్రవేశంలో "మా అత్తగారి నాటి మేలిమి బంగారం" అని నలుగురిలో కోతలు కోసింది. అప్పటికి నా గతి చూడాలి. సెంటు నా మీదే కొట్టేది, చెమటతో పాటే పెట్టెలో పడేసేది, స్నానాల గదిలో సబ్బుపెట్టె పక్కన రాత్రంతా వదిలేసేది. రాగికి చెమట తగిలితే చిలుము పట్టదా? ఆ రోజు ఎండకి ఆమె మెడ మీద పచ్చటి చార తేలింది. ఒకావిడ చూసింది, రెండో ఆవిడ నవ్వింది. అబద్ధమాడింది ఆవిడ, పరువు తీసింది నేనట!

అప్పట్నుంచి నా కాపురం ప్లాస్టిక్ డబ్బాలో. తోడుగా పిన్నీసులు, ఆగిపోయిన గడియారం, జత తప్పిన దుద్దులు. బీసెంట్ రోడ్డు నుంచి వన్ గ్రామ్ గోల్డ్ అనే కొత్త చుట్టాలు చీరకొకరు చొప్పున దిగుతుంటే మూత సందులోంచి చూస్తుంటాను. మనవడు బళ్ళో శ్రీకృష్ణదేవరాయల వేషం కడితే ఒక్కపూట వెలుగు చూశాను. సాయంత్రానికి కాసులు రెండు ఊడాయి. ఎవరూ వెతకలేదు. పాత బంగారానికి కొత్త నగ ఇస్తామని కొట్లు పిలుస్తూనే ఉంటాయి. నన్ను త్రాసులో పెట్టేవాడేడీ? మొన్న కోడలమ్మ "పాత సామాన్లవాడొస్తే వేసేద్దాం" అంది. రాగి కాబట్టి నాలుగు రూపాయలొస్తాయట.

అమ్మలారా, మీ ఇళ్ళలోనూ నాలాంటి వాళ్ళుంటారు. మెడలోంచి తీయగానే పొడిబట్టతో తుడిచి, దూదిలో చుట్టి పెట్టండి. సెంటు ఆరాకే వేసుకోండి. మెరుగు పోయిందని తూకానికి వేసేముందు ఒక్కసారి బందరు బస్సెక్కండి. ఈ నగల తయారీ కోసమే అక్కడి పోతేపల్లిలో ఒక పార్కు ఉంది, ఊళ్ళోనూ పూత వేసేవాళ్ళు బోలెడుమంది. రాగి గట్టిగా ఉన్నంతకాలం మాకు మళ్ళీ మళ్ళీ పూత వేయొచ్చు.