ప్రాసెస్‌రావు గారు

ప్రతి ప్రైవేటు కంపెనీలోనూ ఒక ప్రాసెస్‌రావు గారు ఉంటారు. అసలు పేరు ఏదైనా కావచ్చు. కూర్చునేది అకౌంట్స్‌లో, కిటికీ పక్కన. మనం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ "ఏమయ్యా" అని పిలిచిన మనిషి, రాజీనామా పెట్టిన మర్నాటి నుంచీ "సార్" అంటారు. ఆ పిలుపు చెవిన పడిందంటే డబ్బు ఇప్పట్లో రాదన్నమాటే.

బాకీ ఎగ్గొట్టేవాళ్లు ఫోనెత్తరు. ఈయన మొదటి రింగుకే ఎత్తుతారు. "నూరేళ్లాయుష్షు సార్, ఇప్పుడే మీ ఫైలు గురించి అనుకుంటున్నాం." అమ్మగారి మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయో, పిల్లాడికి ఎప్‌సెట్‌లో ఎంత ర్యాంకొచ్చిందో కనుక్కుంటారు. మనం అసలు సంగతికి వచ్చేసరికి, "ప్రాసెస్‌లో ఉంది సార్". సంతకం పెట్టాల్సిన పెద్దసారు తిరుపతి వెళ్లి ఉంటారు. ఆయన వచ్చేసరికి నెలాఖరు. అది దాటితే ఆడిట్. మార్చిలో అడగడమే పాపం. ఏప్రిల్లో అడిగితే, "పాత సంవత్సరం పద్దు కదా సార్, మళ్లీ తిరగతోడాలి."

నో డ్యూస్ ఫారం ఒకటుంటుంది. ల్యాప్‌టాప్, చార్జరు, ఐడీ కార్డు, దాని తాడు అన్నీ అప్పగించి, ఐటీ, అడ్మిన్, క్యాంటీన్, ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల సంతకాలు చేయించుకొచ్చాక, అడుగున 'లైబ్రరీ' అని ఇంకో గడి కనబడింది.

"మనాఫీసులో లైబ్రరీ ఎక్కడుందండీ?"

"లేదు సార్."

"మరి?"

"లేదని ఎవరో ఒకరు సంతకం పెట్టాలి కదా."

ఏ ఇంజనీరింగ్ కాలేజీ ఫారమో తెచ్చి పైన పేరు మార్చి ఉంటారని నా అనుమానం. చివరికి సెక్యూరిటీ గార్డు చేత పెట్టించుకొస్తే, తృప్తిగా తలూపారు.

అలాగని ఆయన లెక్కల్లో నిదానస్తులేమీ కాదు. నోటీసు పీరియడ్‌లో తగ్గిన రోజులకి మన జీతంలో కోత పెట్టాలంటే రెండు నిమిషాల పని. ఆ కోతకి గ్రాస్ జీతం తీసుకుని 26తో భాగిస్తారు. మనకు మిగిలిన సెలవులకి డబ్బివ్వాలంటే మాత్రం బేసిక్ తీసుకుని 30తో. గ్రాట్యుటీ దగ్గరే ఆయన ఆటలు సాగవు. ఏడాదికి 15 రోజుల జీతం, అదీ 26తోనే భాగించి ఇమ్మని చట్టం ఉంది. "అన్యాయం కదా సార్" అంటారు, సొంత జేబులోంచి తీస్తున్నట్టు. అయిదేళ్లు నిండకముందే మానేసేవాళ్లంటే అందుకే ఆయనకి అంత అభిమానం.

2025 నవంబరు 21న కొత్త వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. తీసేసినా, తనంతట తాను మానేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలంటుంది. ఈ మాట చెబితే ఆయన తొణకలేదు, బెణకలేదు. "తప్పకుండా సార్. ఫైలు నా టేబుల్ మీదికొచ్చిన రోజు నుంచి లెక్క." ఫైలెక్కడుంది? పక్క టేబుల్ మీద. చెయ్యి చాపితే అందుతుంది. చాపరు. హెచ్ఆర్ ఫైలు అకౌంట్స్ వాళ్లు ముట్టుకుంటే పద్ధతిగా ఉండదట.

నా స్నేహితుడొకడు విసిగిపోయి, హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కి వెళ్లి ఫిర్యాదు ఇస్తున్నానని మెయిల్ కొట్టాడు. సాయంత్రానికల్లా డబ్బు పడింది, ఐడీ కార్డు తాడు అరిగినందుకు కొంత పోను. వెనకే ప్రాసెస్‌రావు గారి ఫోను.

"ఇంతమాత్రానికి మెయిలెందుకు సార్, నాకో మాట చెబితే పోయేది కదా!" అని, గొంతు తగ్గించి, "మీ కొత్త ఆఫీసులో అకౌంట్స్‌లో ఖాళీలేమైనా ఉన్నాయా సార్?" అన్నారు.

"కనుక్కుంటాను. కానీ అక్కడ మీ సెటిల్‌మెంట్ ఆలస్యమవుతుందేమో!"

"నాదా సార్? పోయినేడాదే వేసి పెట్టుకున్నాను. సెలవులతో సహా అంతా 26తోనే."