పాతబస్తీలో కొత్త పిజ్జా హోటల్‌కు తీర్పు చెప్పడం ఎలా?

హైదరాబాద్ పాతబస్తీలో శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఎప్పుడు చూసినా ఏదో ఒక కొత్త బోర్డు లేస్తూనే ఉంటుంది. నిన్నటిదాకా మొబైల్ కవర్లు అమ్మిన మడిగెలో ఇవాళ సీరియల్ లైట్లు, తలుపుకు బెలూన్లు, లోపల పిజ్జా. గౌలిపురా, లాల్‌దర్వాజా, ఉప్పుగూడ వాసులకు ఆ క్షణం నుంచే ఒక బాధ్యత మీద పడుతుంది. ఈ హోటల్ నడుస్తుందా, మూతపడుతుందా అన్నది తేల్చాలి. తినడం అందులో చిన్న భాగం మాత్రమే. ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్ల కోసం పద్ధతి కింద ఇస్తున్నాం.

1. అభిప్రాయం లేకుండా ఇల్లు కదలొద్దు

కడుపు ఖాళీగా ఉన్నా ఫర్వాలేదు, అభిప్రాయం మాత్రం ముందే సిద్ధంగా ఉండాలి. ఏ హోటల్‌కైనా సరిపోయేవి రెండున్నాయి. ఒకటి: “మన ఏరియాల ఇవి నడవయి.” రెండోది: “బంజారాహిల్స్‌ల ఇంతకన్న మంచిగుంటది.” రెండోది అనడానికి మీరు పిజ్జా కోసం మూసీ దాటి ఉండాల్సిన అవసరం లేదు. డామినోస్, పిజ్జా హట్ మన దేశంలో దుకాణం తెరిచింది 1996లో. అప్పుడు పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని, తమ పిల్లల బర్త్‌డేలకు పిజ్జాలు ఆర్డర్ చేస్తున్నారు. అయినా మీరు దాన్ని “ఈ కొత్త తిండి” అనే పిలవండి.

2. వేళ, దారి

సాయంత్రం ఏడింటికి వెళ్లకండి. ఆ వేళకు పాతబస్తీలో ఇంకా సాయంత్రం చాయే కాలేదు. పది దాటాక వెళితే హోటల్ కళకళలాడుతుంది, కూర్చోడానికి చోటుండదు, “సర్వీసు స్లో” అని రాసుకోడానికి మంచి అవకాశం. రంజాన్ నెలలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. హలీం భట్టీల ముందు జనం నిలబడే రోజుల్లో పిజ్జా హోటల్ ఖాళీగా కనబడితే అది సాక్ష్యంగా చెల్లదు.

ఎవరినైనా దారి అడిగితే “ఫలానా షాపు పక్కన” అంటారు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు కాబట్టి ఆ ఫలానా షాపు ఇప్పుడు సగమే ఉండొచ్చు, అసలే ఉండకపోవచ్చు. “పార్కింగ్ ఉంది” అని బోర్డు మీద రాశారంటే, పక్కవాడి షట్టర్ ముందు చోటుందని అర్థం. పక్కవాడికి ఆ సంగతి మీ బండి పెట్టాకే తెలుస్తుంది.

3. బెంచి కూర్పు

ఒంటరిగా వెళ్లి చెప్పిన తీర్పు కొట్టివేతకు గురవుతుంది. కనీసం ముగ్గురుండాలి. శనివారం ఒక్కపొద్దు ఉండే పెద్దమ్మ, అన్నీ తెలిసిన బావ, ఏదీ తెలియకపోయినా అన్నీ తినే పిల్లలు.

పెద్దమ్మ పని సర్వర్‌ను విచారించడం. “బాబూ, కోడిది కోసిన చక్రంతోనే దీన్ని గూడ కోస్తరా?” ఆ అబ్బాయి బహుశా ఈ ప్రశ్న ఆ రాత్రి చాలామంది పెద్దమ్మల దగ్గర విన్నాడు. “నై అమ్మా, వెజ్‌కు అలగ్ ఉంటది” అని నిదానంగా చెబుతాడు. ఆ నిదానం మీద పెద్దమ్మకు అనుమానం రావాలి. బావ పని ఈలోగా “చీజ్ అస్లీదేనా తమ్మీ?” అని అడగడం. నిజానికిది మంచి ప్రశ్నే. పాలకొవ్వు బదులు వంటనూనెలతో చేసిన పదార్థాన్ని చీజ్ పేరుతో అమ్మకూడదని ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నియమం. కానీ బావ జవాబు వినడు, అడిగానన్న తృప్తి ఆయనకు చాలు.

4. మెనూ పఠనం

మెనూలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా తక్కువ ధరకు మార్గరీటా ఉంటుంది. 1889లో ఇటలీ రాణి మార్గరీటా నేపుల్స్‌కు వచ్చినప్పుడు ఆమె పేరు పెట్టారని చెప్పుకునే పిజ్జా. టమాటా, తెల్లటి మొజరెల్లా, పచ్చటి తులసిజాతి ఆకు తప్ప దాని మీద ఇంకేమీ ఉండదు. ఓవెన్ దగ్గరున్న మనిషికి పని వచ్చో రాదో తెలియాలంటే ఇదొక్కటి తెప్పించుకుంటే చాలు, దాక్కోడానికి దానిలో చోటు లేదు. అందుకే తెప్పించుకోకండి. “గీ ఉత్త రొట్టెకు గిన్ని పైసలా?” అని పక్కకు పెట్టి చికెన్ టిక్కా, సీక్ కబాబ్, పనీర్, మొక్కజొన్న, అన్నీ కలిసిన దాన్ని చెప్పండి. అప్పుడు పిండి పులిసిందో లేదో దేవుడికి కూడా తెలియదు.

పైన తెల్లగా గీతలు గీసే మయొనైజ్ దగ్గర ఒక్క క్షణం వెటకారం మానేద్దాం. పచ్చిగుడ్డుతో చేసిన మయొనైజ్ తిని జనం జబ్బుపడిన ఘటనల తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాది పాటు దాన్ని నిషేధించింది. గుడ్డు లేనిదేనా అని అడగండి, గోడ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరుందో చూడండి. మీ బృందం మొత్తం విచారణలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇదే కాబట్టి బావ దీన్ని అడగడు.

5. సైజు పంచాయితీ

ప్రారంభోత్సవం ఆఫరు తప్పకుండా ఉంటుంది. ఒక 8 అంగుళాల పిజ్జా కొంటే ఇంకోటి ఫ్రీ. పక్కనే అదే ధరకు 12 అంగుళాలది ఒకటి. రెండొస్తుంటే ఒకటి తీసుకునే పిచ్చివాడెవడని బావ అంటాడు. ఎనిమిదో తరగతి చదివే పిల్ల పెన్ను తీసి టిష్యూ మీద లెక్క వేస్తుంది. 12 అంగుళాలదాని వైశాల్యం సుమారు 113 చదరపు అంగుళాలు, రెండు 8 అంగుళాలవి కలిపినా సుమారు 100. పైగా రెండిటికీ అంచులెక్కువ, ఆ అంచులు చివరికి ప్లేట్లోనే మిగిలేవి. పిల్లను మెచ్చుకుని, రెండు చిన్నవే చెప్పండి. ఫ్రీ వచ్చిన తృప్తికి వైశాల్యం ఉండదు.

6. రొట్టె మీద తీర్పు

ఇక్కడే పాతబస్తీ వాళ్లకు ఎవరూ ఇవ్వకుండానే ఒక అధికారం ఉంది. పురానీహవేలీ దగ్గర మున్షీ నాన్ 1851లోనే నాలుగు మూలల నాన్ కాల్చడం మొదలుపెట్టింది. మైదా ముద్దను చేత్తో చాపి, భట్టీ గోడకు అతికించి, రంగు తిరగగానే ఇనుప చువ్వలతో లాగే పని అది. నేపుల్స్ వాళ్ల పని కూడా ఇంచుమించు ఇదే. కట్టెల ఓవెన్‌లో 430 నుంచి 480 డిగ్రీల సెల్సియస్ వేడి, 60 నుంచి 90 సెకన్ల కాల్పు. ఆ వేడికి అంచు ఒక్కసారిగా పొంగి, అక్కడక్కడ మాడి, లోపల మెత్తగా ఉంటుంది. ఆ చేతిపనికి 2017లో యునెస్కో గుర్తింపు ఇచ్చింది. గల్లీ హోటల్‌లోని కరెంటు ఓవెన్ అంత వేడెక్కదు. ఎక్కువసేపు ఉంచాల్సి వస్తుంది, నీరంతా పోయి రొట్టె అప్పడం అవుతుంది. పొద్దున్నే నహారీలో కుల్చా ముంచుకు తిని పెరిగినవాళ్లకు ఈ తేడా మొదటి ముక్కకే నాలుకకు తెలుస్తుంది.

తెలిసిందని చెప్పకండి. వేడి, తేమ, పిండి నానిన గంటలు అంటూ మాట్లాడితే సంభాషణ రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది. “క్రస్ట్ కొద్దిగ డ్రై ఉన్నది” అని ఇంగ్లిషులో అనండి, గౌరవం వస్తుంది.

7. “ఇది మనది కాదు” అనే ఘట్టం

ముక్కలు సగానికి వచ్చాక ఎవరో ఒకరు చేతులు తుడుచుకుని “ఎంతైనా మన తిండి కాదిది” అనాలి. బావే అంటాడు. చుట్టూ చూసి ఏకీభవించండి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఈ కింది విషయాలు ఎత్తకండి. ఇటలీవాళ్ల టమాటా, మన సాలన్‌లోని మిర్చి రెండూ అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చినవే. ఊరి పేరుతో 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న హలీం, అరబ్బుల హరీస్ నుంచి వచ్చింది. బార్కస్‌లో జనం ఎగబడే మండీ యెమెన్ వంట, నిజాం ఫౌజులో చేరిన హద్రమౌత్ అరబ్బుల సంతతి ఉండే బస్తీ అది. చాయ్ ఇరానీ అని పేరులోనే ఉంది. ఇవన్నీ బల్ల మీద పెడితే పిజ్జా చేసిన నేరం ఆలస్యంగా రావడం ఒక్కటే అని తేలుతుంది. వాదన పాడవుతుంది, బావ మనసు నొచ్చుకుంటుంది, బిల్లు ఆయనే కట్టాలి.

8. బిల్లు, రేటింగు

బిల్లులో 5 శాతం జీఎస్టీ కనబడగానే, దాన్ని కౌంటర్ మీదున్న అబ్బాయే కనిపెట్టినట్టు అతని వంక చూడండి. అతను ఫోన్ ముందుకు జరిపి “భాయ్, ఫైవ్ స్టార్ కొట్టుండ్రి, గార్లిక్ బ్రెడ్ ఫ్రీ” అంటాడు. కొట్టండి. మీ తీర్పు అమ్ముడుపోదు, గార్లిక్ బ్రెడ్‌కు మారకం అవుతుంది, అంతే. బయటికి రాగానే ఇరానీ హోటల్‌కు వెళ్లి, చాయ్‌లో ఉస్మానియా బిస్కట్ ముంచుతూ “ఇప్పుడు పాణం నిమ్మళమైంది” అనడంతో విచారణ ముగుస్తుంది.

9. తీర్పు తర్వాత

ఆఫరు రోజున వచ్చి తీర్పులిచ్చేవాళ్ల వల్ల ఏ హోటలూ నడవదు, మూతపడదు. లాడ్‌బజార్‌లో గాజులు కొని అలసిపోయిన ఆడవాళ్లు, ట్యూషన్ అయిపోయిన పిల్లలు, రాత్రి షట్టర్ దించి ఇంటికి పోతూ పార్సిల్ కట్టించుకునే దుకాణదారులు దాన్ని నడుపుతారు. వాళ్లు అభిప్రాయం చెప్పరు, మళ్లీ వస్తారు.

మీకూ ఒక రాత్రి మళ్లీ తినాలనిపించవచ్చు. తీర్పరికి రెండోసారి ఆకలి వేసిందని బయటపడితే పరువు దక్కదు కాబట్టి ఎవరికీ చెప్పకుండా వెళ్లి, పార్సిల్ చెప్పి, స్తంభం చాటున నిలబడండి. అక్కడ ముందే బావ నిలబడి ఉంటాడు, చేతిలో డబ్బాతో. “పిల్లలడిగిన్రు” అంటాడాయన. “మా ఇంట్ల గూడ గంతే బావా” అనండి. ఆయన పిల్లలిద్దరూ వరంగల్ హాస్టల్లో ఉన్న సంగతి మాత్రం ఎత్తకండి.