వెంటేశ్వర్రావు

తనంతట తానే యజమాని వెంట నడిచొచ్చే పెట్టె తయారుచేస్తున్నానని చెప్పే మనిషి మీకెక్కడో ఒకచోట తగిలే ఉంటాడు. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో అమీర్‌పేటలో కొన్న ‘హ్యూమన్ ఫాలోయింగ్ రోబో’ ప్రాజెక్టుతో అంటుకుని, ఉద్యోగం వచ్చాక అణిగి, నలభై దాటాక మళ్లీ తిరగబెట్టే జబ్బు ఇది. ఈ జాతి మొత్తానికి నేను పెట్టుకున్న పేరు వెంటేశ్వర్రావు. వెంకటేశ్వర్రావులో ఒక్క అక్షరం పీకితే సరిపోతుంది.

మా కాలనీ శాఖకు చెందిన వెంటేశ్వర్రావును గుర్తుపట్టడం తేలిక. పదడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తాడు. జేబులో పర్సు మరిచిపోతాడు గానీ స్క్రూడ్రైవర్ మరవడు. మోటార్ల కోసం కోఠి గుజరాతీ గల్లీలో బేరమాడుతూ సగం జీతం వదిలేస్తాడు. రెండు మడమలకూ ఎప్పుడూ బ్యాండేజీలుంటాయి.

ఆయన్ని చూసి నవ్వడం మాత్రం ప్రమాదం. నవ్వితే సంతోషిస్తాడు. “నవ్విన నాపచేనే పండుతుందండీ” అని మొదలుపెట్టి, నేరుగా బెర్నార్డ్ సాడో దగ్గర తేలతాడు. 1970లో ఆ అమెరికన్ పెద్దమనిషి అరూబా దీవి నుంచి కుటుంబంతో తిరిగొస్తూ రెండు బరువైన పెట్టెలు మోయలేక ఆపసోపాలు పడుతుంటే, విమానాశ్రయంలో ఎవరో పనివాడు పెద్ద యంత్రాన్ని చక్రాల పలక మీద అవలీలగా తోసుకుపోవడం కంటపడిందట. ఇంటికెళ్లి పెట్టెకు చక్రాలు బిగించాడు. దుకాణాలవాళ్లు వద్దుపొమ్మన్నారు. మగవాడన్నాక పెట్టె మొయ్యాలి గానీ ఈడ్చుకెళ్తాడా అన్నారు. చివరికి మేసీస్ వాళ్లు కొన్నారు, 1972లో పేటెంటూ వచ్చింది. “ఆ రోజు నవ్వినవాళ్లంతా ఇవాళ ఏం లాక్కెళ్తున్నారండీ?” అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మన పేరు డైరీలో రాసుకుంటాడు. నవ్వినవాళ్లందర్నీ షోరూమ్ ప్రారంభోత్సవానికి పిలుస్తాడట.

ఇక మడమల సంగతి. ఆయన మొదటి పెట్టె బ్లూటూత్ సిగ్నల్ బలాన్ని బట్టి దూరం లెక్కేసేది. సిగ్నల్ తగ్గిందంటే అయ్యగారు దూరమైపోతున్నారనుకుని వేగం పెంచడం దాని ధర్మం. అయ్యగారి ఫోనేమో చొక్కా జేబులో, గుండెల మీద ఉంటుంది. మనిషి ఒంట్లో ఎక్కువ భాగం నీరే, ఆ తరంగాలను మింగేసేదీ నీరే. ఆయన వీపు అడ్డమున్నంతసేపూ, మడమలు తగిలేంత దగ్గరికొచ్చినా పెట్టెకు ఆయన ఆమడ దూరంలోనే ఉన్నట్టు. అందుకని ఇంకాస్త ఊపుతో వచ్చేది. “ఎంత విశ్వాసమో చూశారా!” అని కుంటుతూ మురిసిపోయేవాడు.

రెండోదానికి అల్ట్రాసోనిక్ సెన్సరు పెట్టాడు. అది శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తుంది. ఎదురుగా ఏదో ఉందని చెబుతుంది గానీ ఎవరి కాలో చెప్పలేదు. మేనకోడలి పెళ్లికి ఆ పెట్టెతో వెళ్లాడు. పందిట్లో వధూవరుల వెనకాల అది కూడా హోమగుండం చుట్టూ తిరిగింది. పురోహితుడు ఆపబోతే ఆయన వెంట పడింది.

మూడోదానికి కెమెరా. రంగును బట్టి మనిషిని పోల్చుకుంటుంది కాబట్టి, కొట్టొచ్చినట్టు కనబడాలని ఎర్రచొక్కా తొడుక్కుని సికింద్రాబాద్ స్టేషనుకు వెళ్లాడు. అక్కడ ఎర్రచొక్కాలు ఎవరు వేసుకుంటారో ఆయనకు తట్టలేదు. పెట్టె ఒక కూలీ వెంట ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్లిపోయింది. “సార్, మీ పెట్టె నా ఎంబడి పడ్డది. నేను మోయలే గని దారి జూపిచ్చిన గద, కూలి ఎవరిస్తరు?” అన్నాడతను. ఇచ్చాడు. ఇచ్చి, అతను గట్టిగా నవ్వాడు కాబట్టి పేరు కూడా అడిగి రాసుకున్నాడు.

ఇంట్లో గొడవ వేరు. అబ్బాయి అమెరికా ప్రయాణానికి సూట్‌కేసుకు 23 కిలోల లెక్క. “ఏవండీ, మోటార్లూ బ్యాటరీతో ఖాళీ పెట్టే పది కిలోలు తూగితే ఆవకాయ మీ నెత్తిన పెట్టి పంపనా?” అంటుంది వాళ్లావిడ. పైగా 2018 జనవరి నుంచి అమెరికన్, డెల్టా, అలాస్కా ఎయిర్‌లైన్స్ బ్యాటరీ ఊడిరాని స్మార్ట్ పెట్టెల్ని ఎక్కించుకోం పొమ్మన్నాయి. చెకిన్‌లో వేయాలంటే బ్యాటరీ తీసి చేత్తో పట్టుకెళ్లాలి. అదీ 100 వాట్‌అవర్లు దాటిందంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి. అంటే పెట్టె మన వెంట కౌంటరుదాకా హుందాగా నడిచొస్తుంది, అక్కణ్నుంచి దాని గుండెకాయను మనం మోసుకుపోవాలి. ఆవిడ నవ్వలేదు, నిట్టూర్చింది. నిట్టూర్పులకు డైరీలో పేజీ లేదు.

మొన్న సంక్రాంతికి అల్ట్రా వైడ్‌బ్యాండ్ పెట్టెతో వచ్చాడు. ఇది జానెడు లోపు తేడాతో దూరం కొలిచి, ఆయన ఆగితే ఆగింది, తిరిగితే తిరిగింది. మడమ జోలికి రాలేదు. గేటు దగ్గర కూర్చున్న పక్కింటి మామ్మగారు కళ్లజోడు సవరించుకుని సాంతం చూసి, “బాగుంది నాయనా! కాశీ వెళ్లేటప్పుడు నాకూ ఒకటి చేసిపెట్టు. ఎంతవుతుందో చెప్పు” అంది.

వెంటేశ్వర్రావు మొహం పాలిపోయింది. ఆవిడ నవ్వుతుందేమోనని కాసేపు నిలబడ్డాడు. నవ్వలేదు. పక్కనున్న పిల్లలూ నవ్వలేదు. సాడోను ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రంతా ఆయనింట్లో లైటు వెలుగుతూనే ఉంది. తెల్లారేసరికి పెట్టె ఏ ముక్కకాముక్క విప్పేసి ఉంది. “ఒక్కరూ నవ్వలేదంటే డిజైన్లో ఎక్కడో పెద్ద లోపమే ఉందండీ” అన్నాడు దిగులుగా.

ఇప్పుడు మెట్లెక్కే పెట్టె చేస్తున్నాడు. దానికి ఎనిమిది కాళ్లట, వర్షం వస్తే గొడుగు విప్పుకుంటుందట. కాలనీ అంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆయన మళ్లీ వేళకు తింటున్నాడు, హాయిగా నిద్రపోతున్నాడు.