మంచి వీడియోని అడ్డదిడ్డంగా పంపండి

తుంగభద్ర డ్యామ్ పందొమ్మిదో గేటు వీడియో దొరికితే మనం ఏం చేస్తాం? "చివరిదాకా చూడండి, ఆశ్చర్యపోతారు" అని రాసి దొరికిన గ్రూపులన్నిట్లో పడేస్తాం. అలా వద్దు. మోతెలో ఉన్న బావకు పంపినా, కోదాడలో ఉన్న దోస్తుకు పంపినా ముగింపు ముందే చెప్పేయండి. "2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. వారం రోజుల్లో గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు దగ్గరుండి, నీళ్లు పారుతుండగానే, ఇనుప పలకలు ఒకదాని మీద ఒకటి దింపించి మూయించారు" అని రాసి మరీ పంపండి. మూతపడుతుందా లేదా అన్న ఆత్రం పోతే చూపు పని మీదికి వెళ్తుంది. క్రేన్ ఆ పలకను ఎంత మెల్లగా దించుతోంది, పక్కన నిలబడ్డవాళ్లు ఏ సైగలు చేస్తున్నారు, పలక గాడిలోకి దిగేటప్పుడు నీటి తీరు ఎట్లా మారుతోంది: వీడియోలో అసలు సరుకంతా ఇదే.

గ్రూపులో అస్సలు పెట్టకండి. ఒక్కరికే పంపండి, అదీ దేనికీ తలూపని మనిషికి. ప్రతి ఊళ్లో ఒక మామ ఉంటాడు, ఏం చెప్పినా "అట్లెట్లయితది?" అనే అంటాడు. ఆయనే మీకు కావలసిన మనిషి. "మన పులిచింతలల నీళ్లన్నీ ఖాళీ చేసినంకనే గదరా పెట్టిన్రు" అని ఆయన ఎదురు తిరుగుతాడు. నిజమే. 2021 ఆగస్టు 5న పులిచింతల పదహారో గేటు కొట్టుకుపోతే, జలాశయాన్ని దాదాపు ఖాళీ చేశాకే స్టాప్‌లాగ్ పలకలు దించారు. మరి తుంగభద్రలో ప్రవాహంలోనే ఎలా దించగలిగారు? అక్కడివి గొలుసులతో నిలువుగా లేచే గేట్లు. పులిచింతలలో ఇనుప చేతుల మీద తిరిగే వంపు గేట్లు. ఇంజనీర్లకు అక్కడ ఏం కలిసొచ్చింది, ఇక్కడ ఏం అడ్డొచ్చింది అని ఇద్దరూ కూర్చుని వాదించుకోవాలంటే ఆ వీడియో మళ్లీ చూడక తప్పదు. వంద బొటనవేళ్ల గుర్తులకన్నా ఆ వాదనే నాకు ముద్దు.

వేడివేడిగా పంపడం కూడా మానండి. కాలువ గండ్లు ఎలా పడతాయో, ఎలా పూడుస్తారో చూపించే వీడియోని ఎండాకాలంలో పంపితే ఎవరికి పడుతుంది? నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలిన రోజున పంపండి. 2024 సెప్టెంబరు మొదట్లో నడిగూడెం మండలంలో, కాగిత రామచంద్రాపురం దగ్గర ఆ కాలువకే గండి పడింది. ఆ వరద చూసినవాళ్లకు కట్టలో మట్టి ఎందుకు జారుతుందో వేరే చెప్పాలా?

రామప్ప గుడి వీడియో అయితే సగంలో ఆపేయండి. ఆపి సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రికి బయలుదేరదీయండి. రామప్ప 1213 నాటిది. పిల్లలమర్రిలో ఎరకసాని కట్టించిన ఎరకేశ్వరాలయం 1208 నాటిది, అంటే అయిదేళ్లు పెద్దది. మిగతా సగం ఆ గుడి మెట్ల మీద కూర్చుని చూడొచ్చు.

ఇక నాగార్జునసాగర్ కట్టే నాటి నలుపు తెలుపు దృశ్యాలు దొరికాయంటే అవి పంపేవి కావు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ రాతి ఆనకట్టకు కర్రల మంచెల మీదుగా కూలీలు తలల మీద రాళ్లు మోశారు. ఆడవాళ్లూ ఉన్నారు అందులో. మిర్యాలగూడ వైపు ముసలివాళ్లను అడిగి చూడండి, అక్కడ పనికి పోయిన అన్నో మేనమామో ఉన్న ఇల్లు దొరుకుతుంది. ఫోన్ పట్టుకుని ఆ ఇంటికి వెళ్లండి. సౌండ్ పూర్తిగా తీసేయండి. వ్యాఖ్యాత ఎంత బాగా చెప్పినా సరే, తీసేయండి. ఆ తాత తెర మీద వేలు పెట్టి "ఇగో, ఈ పలకల మీద కాలు జారితే..." అని మొదలుపెట్టగానే వీడియో ఆపి, రెండో ఫోన్‌లో ఆయన మాటలు రికార్డు చేయండి. ముందు ఆయన మనవలకు పంపండి. ఆయన ఒప్పుకుంటేనే ఇంకెవరికైనా.