చదివి వినిపించే పని

మా రోజుల్లో దస్తావేజు రాసేవాడికి సగం పని చేతిది, సగం పని గొంతుది. జమ్మలమడుగు సబ్ రిజిస్ట్రారాఫీసు ముందర కూర్చొని ఏండ్ల తరబడి ఆ పనే చేసినోణ్ణి గనక చెప్తాండా. రాసిందంతా అప్పు ఇచ్చేవాడికీ, తీసుకునేవాడికీ, ఇద్దరు సాక్షులకీ వినపడేట్టు చదవాల. ముద్దనూరు పక్క నుంచో, మైలవరం పక్క నుంచో వచ్చిన రైతుకు అక్షరమ్ముక్క రాకపోయినా చెవులు మాత్రం పాముచెవులు. "ఆగు సామీ, ఆ వరస మళ్లీ సదువు" అనేవాడు. మళ్లీ చదివితే, "గడువు ఉగాదికని గదా మేం మాట్లాడుకునింది, సంక్రాంతికని రాస్తివే" అని లేచేవాడు. షావుకారు గొణుగుతాడు, సాక్షులు సర్దిచెప్తారు, అందరూ పోయి కాఫీ తాగొస్తారు. వచ్చినాక ఆ వరస కొట్టేసి పైన ఇంకొకటి రాస్తే, కొట్టేసిన చోట సంతకాలు పడేవి. అక్షరాలు రానోళ్లవి నిశానీలు.

ఇప్పుడు మా మనవడు ప్రొద్దుటూరులో బండి కొన్నాడు. అప్పు ఫోన్లోనే. ఒప్పందం యాడుంది రా అంటే, "మెయిల్లో వచ్చింది తాతా, అంతా ఇంగ్లీషు, బండెడు పేజీలు, ఎవరు చదువుతారు? కింద టిక్కు కొడితే గానీ ముందుకు పోదు" అన్నాడు. ముందుకు పోదంట! మా కాలంలో చదవందే ముందుకు పోయేది కాదు. ఇప్పుడు చదువుతూ కూర్చుంటే ముందుకు పోదు.

సరే, నాకు పనేముంది, కళ్లద్దాలు పెట్టుకొని నేనే చదివినా. వడ్డీ ఎప్పుడైనా మార్చుకునే హక్కు కంపెనీది. ఈ అప్పును ఇంకొకరికి అమ్ముకునే హక్కు కంపెనీది. తగాదా వస్తే మధ్యవర్తిని పెట్టే హక్కూ కంపెనీదే. కోర్టుకు పోవాల్సి వస్తే అది ముంబైలోనే. ప్రొద్దుటూరుకు రెండో బొంబాయి అని పేరు గదా, బంగారం అంగళ్లను చూసి పెట్టిన పేరు. రెండో బొంబాయి వాడు అప్పు చేస్తే మొదటి బొంబాయికి పోయి కొట్లాడుకోవాలంట. వాడు రాసిన ముప్పై షరతుల్లో మా వాడికి వచ్చిన హక్కు ఒక్కటే, కంతులు కట్టే హక్కు.

అప్పట్లో అన్యాయం లేదని నేననను. ఉంటే గదా చట్టాలు పుట్టింది. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ, దానిమీద చక్రవడ్డీ, తాత చేసిన అప్పు మనవడు తీర్చడం, ఇవన్నీ దత్తమండలాల్లో కొత్తేం గాదు. మేం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1938లో రాజాజీ ప్రభుత్వం రైతుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులకు 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం కొట్టేసింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే అప్పు తీరిపోయినట్టే. నాకు పని నేర్పిన పెద్దాయన ఆ చట్టం గురించి పురాణం చెప్పినట్టు చెప్పేవాడు. షావుకార్లు పాత నోట్లకు కొత్త తేదీలు వేయించుకోవడానికి ఎన్ని రాత్రులు తిరిగినారో కూడా చెప్పేవాడు.

ఇంకొక ఎత్తు ఉండేది. అది మా వృత్తిలోనిది గనక కొంచెం వివరంగా చెప్తా. భూమి తాకట్టు పెడితే, గడువు దాటినాక కూడా అప్పు కట్టి భూమి విడిపించుకునే హక్కు పెట్టినవాడికి ఉంటుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షను. "గడువు దాటితే భూమి నాదే" అని తాకట్టు కాగితంలో రాసుకున్నా ఆ మాట చెల్లదు. షావుకార్లకు ఇది కంట్లో నలుసు. అందుకని తాకట్టు అనకుండా క్రయం అని రాయించుకునేవాళ్లు, డబ్బు తిరిగిస్తే మళ్లీ రాసిస్తానని షరతు పెట్టి. 1929లో చట్టం సవరించి ఒక ముక్క కలిపినారు. ఆ షరతు క్రయ దస్తావేజులోనే ఉంటే తప్ప దాన్ని తాకట్టుగా చూడరాదని. మంచికే కలిపినారేమో గానీ, తెలివైనోళ్లకు దారి దొరికింది. క్రయం ఒక కాగితం, తిరిగి రాసిస్తానన్న అగ్రిమెంటు ఇంకొక కాగితం. ఒకే కాగితమైతే తాకట్టు అనే వాదన నిలుస్తుంది, రెండు కాగితాలైతే అమ్ముకున్నట్టే. వేలిముద్ర వేసేవాడికి ఈ తేడా ఎట్లా తెలుస్తుంది?

అయినా ఆ రెండు కాగితాలూ చదివి వినిపించాల్సి వచ్చేది. ఊరికే మర్యాదకు కాదు. రేపు కోర్టులో ప్లీడరు మొట్టమొదట అడిగే మాట అదే. ఘోషా స్త్రీలు, చదువు రాని ముసలోళ్లు నిశానీ వేసిన పత్రాలకు, సంగతి వాళ్లకు విడమరిచి చెప్పినామని రుజువు చేసుకోవాల్సింది రాయించుకున్నవాడే అని కోర్టులు పట్టుబట్టేవి. దస్తావేజు రాసినవాణ్ణి బోనెక్కించి, "చదివినావా? బిగ్గరగా చదివినావా? ఆమె ఏమన్నది?" అని చెమటలు పట్టించేవాళ్లు. ఆ భయం ఉండేది మాకు. ఫోన్లో ఆ టిక్కు కొట్టే గడి చేసినవాణ్ణి ఏ బోనెక్కించాల?

ఇక బాధ్యత లేదనే మాటలు. సినిమా హాలు సైకిల్ స్టాండు చీటీ వెనకాల కూడా ఉండేది లెండి, "పోయిన వస్తువులకు మాది బాధ్యత కాదు" అని. సైకిలు నిజంగా పోతే ఆ చీటీ ఎవడూ చూపించేవాడు కాదు, స్టాండువాడి చొక్కా పట్టుకునేవాళ్లు. మద్రాసులో మాత్రం ఇలాంటి చీటీ ఒకటి హైకోర్టుదాకా పోయింది. 1960ల నడిమిలో లిల్లీ వైట్ అనే లాండ్రీలో ఉతకడానికిచ్చిన చీర ఒకటి పోయింది. పోతే ధరలో నూటికి పదిహేను వంతులే ఇస్తామని చీటీలో అచ్చువేసి ఉంది. ఈ షరతు ప్రజాహితానికి విరుద్ధం, చెల్లదు అంది హైకోర్టు. పదిహేను వంతులిచ్చి చీర ఉంచేసుకుంటే లాండ్రీవాడికి అంతకన్నా మంచి వ్యాపారం ఇంకేముంటుంది? 1872 కాంట్రాక్టు చట్టంలో 23వ సెక్షను ఉంది, ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదని. అన్యాయపు షరతు అనే మాట ఆ చట్టంలో లేకపోయినా, ఆ సందులోంచే కోర్టులు ఇన్నేండ్లు పని నడిపించుకొచ్చినాయి. 1986లో సుప్రీంకోర్టు కలకత్తా పడవల కంపెనీ కేసులోనూ అదే పట్టుకుంది. మూడు నెలల నోటీసిచ్చి, కారణం చెప్పకుండా ఉద్యోగిని తీసేయొచ్చనే షరతు అది. బలవంతుడు గీసిన చుక్కల గీత మీద బలహీనుడు సంతకం పెట్టక తప్పనప్పుడు ఆ ఒప్పందాన్ని కోర్టు నిలబెట్టదు అన్నారు.

బంగారం సంగతికి వస్తా. ప్రొద్దుటూరులో బంగారం లేని ఇల్లు, బ్యాంకు లాకరు లేని షావుకారు ఉండరు. లాకరు తీసుకునేటప్పుడు ఇన్నాళ్లూ బ్యాంకులు రాయించుకున్నదేందంటే, లోపల ఏముందో మాకు తెలీదు, పోతే మాకు సంబంధం లేదు. అద్దె మాత్రం ముందే కట్టాల. కలకత్తాలో ఒకాయన లాకరును అద్దె కట్టలేదని బ్యాంకు పగలగొట్టింది. ఆయన అద్దె కట్టే ఉన్నాడు. ఏడు నగల్లో రెండే తిరిగి చేతికొచ్చినాయి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, బ్యాంకులు ఇట్లా చేతులు దులుపుకునేందుకు వీల్లేదని చెప్పి, ఆరు నెలల్లో నిబంధనలు తెమ్మని రిజర్వు బ్యాంకుకు పురమాయించింది. ఆగస్టులో వచ్చినాయి. లాకరు ఒప్పందాల్లో అన్యాయమైన షరతులు పెట్టరాదు. అగ్గి, దొంగతనం, కట్టడం కూలడం, సిబ్బంది మోసం వల్ల పోతే ఏడాది అద్దెకు నూరింతలు బ్యాంకు కట్టాల. వినడానికి బాగుంది. రెండు వేలు అద్దె అనుకుంటే రెండు లక్షలు. ఈనాటి ధరకు రెండు లక్షల్లో మా ఊరి పెండ్లికూతురికి చేతులు నిండవు. లేనిదానికన్నా నయమే అంటారు మా ఆడోళ్లు, ఒప్పుకుంటా.

విత్తనాల కథ మాత్రం మన రైతులే గెలిచినారు, అది చెప్పకపోతే పాపం. నల్లరేగడిలో పొద్దుతిరుగుడు, బుడ్డశనగ వేసేవాళ్లకు విత్తనం మోసం అంటే ఏందో చెప్పనక్కర్లేదు. నేషనల్ సీడ్స్ కార్పొరేషను అమ్మిన విత్తనాలు సరిగా లేక పంట పోయిందని ఆంధ్రప్రదేశ్ రైతులు వినియోగదారుల ఫోరాలకు ఎక్కినారు. కార్పొరేషను తరఫు వాదనలు వింటే నవ్వొస్తుంది. వీళ్లు వినియోగదారులే కారంట. ఒప్పందంలో మధ్యవర్తి షరతు ఉంది గనక ఫోరానికి రాకూడదంట. విత్తనాన్ని ల్యాబులో పరీక్ష చేయించలేదు గనక కేసు నిలవదంట. 2012 జనవరిలో సుప్రీంకోర్టు మూడింటినీ కొట్టేసింది. విత్తనం మొత్తం చల్లుకునే రైతు, రేపు కోర్టుకు కావాల్సొస్తుందని పిడికెడు దాచిపెట్టుకుంటాడా అని అడిగింది. ఆ మాట రాసిన జడ్జికి మడక పట్టినోడి సంగతి తెలుసని నాకనిపించింది. మధ్యవర్తి షరతు రాసుకున్నంత మాత్రాన వినియోగదారుల కోర్టు తలుపు మూసుకుపోదని ఆ కేసులోనూ చెప్పింది. తర్వాత 2019లో ఇంకో తీర్పు వచ్చింది, తగాదాలో లాభనష్టం ఉన్నవాడే ఒంటరిగా మధ్యవర్తిని నియమించరాదని. మా మనవడి కాగితంలో మాత్రం ఆ షరతు ఇంకా అట్లే ఉంది. తీర్పులు కొత్తవి, అచ్చు పాతది.

పులివెందుల పక్కకు పోతే కాగితమే ఉండదు. చీనీతోట గుత్తకు ఇచ్చినా, కాయలు టన్నుల లెక్కన అమ్మినా, మాటే. తూకంలో సూటు తీసుకుంటాడు వ్యాపారి, కాయ చెడిపోతుందని, మట్టి ఉందని, వాడి నోటికొచ్చింది. అరటి గెలలదీ అదే వరస, ధర పడిపోతే చెప్పిన మాట గాలికి. రాయని షరతును ఏ చట్టంతో కొట్టించాల? అందుకే రాసుకోండి రా అని మా చుట్టాలకు ఎన్నిసార్లు చెప్పినా, రాసుకుంటే మళ్లీ ఎవడూ కొనడు మామా అంటారు.

అసలు ఈ అన్యాయపు షరతుల మీద ప్రత్యేకంగా చట్టం చెయ్యండి అని చెప్పినవాళ్లు లేక కాదు. ఇంగ్లండులో 1977లోనే చేసుకున్నారు. ఇక్కడ లా కమిషను 1984లో 103వ నివేదికలో చెప్పింది, కాంట్రాక్టు చట్టంలో ఒక సెక్షను కలపమని. వినలేదు. 2006లో 199వ నివేదికలో మళ్లీ చెప్పింది, ఈసారి చట్టం ముసాయిదానే రాసిచ్చి. అప్పుడు కమిషను అధ్యక్షుడు మన తెలుగాయనే, జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు. అదీ అల్మారాలోనే ఉండిపోయింది. చివరికి 2019 వినియోగదారుల చట్టంలో అన్యాయపు ఒప్పందం అంటే ఏందో రాసినారు, 2020 జులై నుంచి అమలు. ఎక్కువ డిపాజిట్ అడగడం, జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా, అప్పు ముందే తీరుస్తానంటే తీసుకోకపోవడం, కారణం లేకుండా ఒప్పందం తెంచుకోవడం, మన సమ్మతి లేకుండా మనకు చేటయ్యేట్టు ఇంకొకరికి అంటగట్టడం, ఇంకా ఏ అడ్డగోలు షరతైనా. మా మనవడి కాగితాన్ని ముందర పెట్టుకొని రాసినారా అన్నట్టుంది. కేసు కూడా మనం ఉండే ఊరి లెక్కన వేసుకోవచ్చు, ముంబై అక్కర్లేదు.

సంతోషించినా. మా వీధిలో ప్లీడరు ఒకాయన ఉంటే పోయి అడిగినా, కడపలో జిల్లా కమిషను ఉంది గదా, అక్కడ వేద్దామా అని. ఆయన నవ్వినాడు. ఫ్రిజ్జు చెడిపోతే కడప, సేవలో లోపముంటే కడప, ఐదు లక్షల దాకా ఫీజు కూడా లేదు. కానీ ఈ షరతు అన్యాయం, కొట్టేయండి అని అడగాలంటే ఆ అధికారం జిల్లా కమిషనుకు ఇవ్వలేదు చట్టం. రాష్ట్ర కమిషను, అంటే విజయవాడ. పది కోట్లు దాటితే ఢిల్లీ. బండి అప్పు తీసుకున్న ప్రొద్దుటూరు పిల్లోడు, బుడ్డశనగకు అప్పు చేసిన జమ్మలమడుగు రైతు రాత్రంతా బస్సెక్కి బెజవాడ పోయి, లాడ్జి తీసుకొని, ఒక వరస కొట్టించుకొని రావాల. ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు అంటున్నారు, వీడియోలో వాదించొచ్చు అంటున్నారు. మళ్లీ ఫోనే! షరతు తగిలించిన ఫోనులోనే దాన్ని కొట్టించుకోవాలంట. మా కాలంలో ఆ వరస కొట్టేయడానికి పట్టింది ఒక కాఫీ తాగేంత సేపు.

ప్లీడరు ఇంకో మాట చెప్పినాడు, అది పనికొచ్చేది. "షరతును కొట్టేయమని అడగొద్దు. ఆ షరతు చూపించి అదనంగా గుంజిన డబ్బు వాపసు అడుగు. వ్యాపారంలో అక్రమ పద్ధతి, సేవలో లోపం అని రాయి. అట్లయితే కడపలో వాదించుకోవచ్చు. ఏకపక్షంగా రాసుకున్న షరతులు అక్రమ వ్యాపార పద్ధతి కిందికే వస్తాయని 2019లో ఫ్లాట్ల కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది. రెండేండ్ల లోపల వేయాల, మర్చిపోవద్దు" అన్నాడు. మా వాడికి చెప్పినా. ముందు అగ్రిమెంటు ప్రింటు తీయించుకు రా, సాయంత్రం కూర్చొని మొదటి పేజీ నుంచి చదువుదాం, నువ్వు తెలుగులో చెప్పు, నేను వింటా అన్నా. ప్రింటుకు పేజీకి ఎంతో కనుక్కొని వస్తానని పోయినాడు.